పెళ్లిచూపుల్లో టింక్చర్ అయోడిన్

మా అక్క పెళ్లిచూపులు కొద్దిలో నాశనం కాకుండా బయటపడిన కథ ఇది. చేయబోయింది నేనే. నవ్వుకోండి, పర్వాలేదు.

జగ్గయ్యపేటలో బీకాం పూర్తిచేసి, లోకాన్ని ఉద్ధరించడానికి ఫోన్ పట్టుకు కూర్చున్న రోజులవి. ఆ ఆదివారం నందిగామ నుంచి పెళ్లివారు వస్తారనగా, పొద్దున్నే వాట్సాప్‌లో ఒక కబురు దిగింది. ఎక్కడో అణు విద్యుత్ కేంద్రంలో రేడియేషన్ లీకైందట, గాలి మనవైపే వీస్తోందట, మెడకు అయోడిన్ పట్టిస్తేనే గండం గడుస్తుందట. ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో అందులో లేదు. ఉన్నా నేను చూసేవాణ్ణి కాదు లెండి, అప్పటికే మందుల షాపు దారిలో ఉన్నాను.

చుట్టాలొచ్చే వేళ ఇదేమిటని నాన్న గొణిగాడు. ప్రాణాల కంటే పెళ్లిచూపులు ఎక్కువా అని దబాయించి ఆయనకీ, అమ్మకీ, నాకూ మెడ చుట్టూ గోధుమరంగు టింక్చర్ అయోడిన్ పూసేశాను. అక్క మాత్రం గదిలోకి పోయి గడియ పెట్టుకుంది.

పెళ్లివారు దిగారు. ముగ్గురం కొత్తగా వార్నిష్ కొట్టిన కుర్చీల్లా వరుసగా నిలబడి స్వాగతం చెప్పాం. పెళ్లికొడుకు తల్లి తన కుర్చీని నెమ్మదిగా వెనక్కి జరుపుకుంది. గది లోంచి వచ్చిన అక్క అందించిన కాఫీ ముట్టలేదు. మాకేదో అంటువ్యాధి ఉందనుకుందని ఆమె ముఖమే చెబుతోంది. నాన్నకు చెమటలు పట్టి, మెడ మీది రంగు చొక్కా కాలర్‌లోకి దిగుతోంది.

పెళ్లికొడుకు తండ్రి రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్. “మెడకేంటి బాబూ అది?” అన్నాడు. గర్వంగా ఫోన్ చూపించాను. ఆయన చదివి, తన ఫోన్‌లో ఆ కేంద్రం వాళ్లే పెట్టిన ప్రకటన తీసి నా చేతికిచ్చాడు. ప్రమాదం జరిగితే ఏం చేయాలో జనానికి నేర్పే మాక్ డ్రిల్ అది. నాకొచ్చిన కబురులో ఆ మాట ఉన్న చివరి వాక్యాన్ని ఎవరో కోసేశారు.

“ప్రమాదం అసలుండదని నేననను. అందుకేగా ఈ ప్రాక్టీసు. నిజంగా వస్తే ఏ మాత్ర ఎప్పుడేసుకోవాలో అధికారులే చెబుతారు. ఇది పూస్తే మెడ మండుద్దంతే.”

గంట నుంచి మెడ మండుతున్న అమ్మ నావైపు చూసింది.

ఆయన అక్క వైపు తిరిగాడు. “నువ్వు పూసుకోలేదేమ్మా?”

“ఆ ప్రకటన పొద్దున్నే చూశానండి.”

“మరి వీళ్లకి చెప్పలేదా?”

“చెప్పానండి. వాట్సాప్‌లో రాలేదు కాబట్టి నిజం కాదన్నాడు తమ్ముడు.”

ముందు నవ్వింది పెళ్లికొడుకే. తర్వాత వాళ్లమ్మ కుర్చీ ముందుకు జరుపుకుని కాఫీ అందుకుంది. నాన్న వదిలిన నిట్టూర్పు పక్కనున్న వత్సవాయి ఊరి దాకా వినిపించి ఉంటుంది. వెళ్లేలోపే సంబంధం ఖాయమైంది.

కనుక మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: అణువు గురించి ఎంతటి కబురొచ్చినా సరే, అన్నదెవరో, అన్నదెప్పుడో చూడకుండా, అక్కనడక్కుండా ఇంకెవరి మెడా ముట్టుకోను.