ప్రశ్నలు లేని అరగంట

మూడేళ్ల క్రితం, నా పదవీ విరమణకు ఇంకో ఏడాది ఉందనగా, మార్చి నెలలో జరిగిన సంగతి ఇది. అప్పుడు నేను బెంగళూరులో వర్తూరు వైపు ఒక ప్రైవేటు పీయూ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్‌ని, ఆ విభాగానికి హెడ్‌ని కూడా. హెడ్ అంటే పెద్ద హోదా అనుకోకండి. విభాగంలో ఉన్నది ఇద్దరమే, ల్యాబ్ తాళాలు నా దగ్గర ఉండేవి, అంతే తేడా. పీయూ అంటే ఆంధ్రలో ఇంటర్మీడియట్. రెండో ఏడాది చివర బోర్డు పరీక్ష ఉంటుంది, పిల్లలు దాన్ని వేరే కాలేజీకి వెళ్లి రాస్తారు.

పరీక్ష రోజు పొద్దున పిల్లలు సెంటర్‌కు బస్సెక్కే ముందు అరగంట రివిజన్ చెప్పడం నా పద్ధతి. ఏటా అడిగే బొమ్మలూ, సమీకరణాలూ ఒకదాని వెంట ఒకటి బోర్డు మీద వేసేదాన్ని, పుస్తకం ముట్టకుండా. అది నా గొప్ప. ఆ అరగంటకు ఒకటే నియమం: ప్రశ్నలు వద్దు. ఎవరైనా చెయ్యి ఎత్తితే, తల తిప్పకుండానే దించమని సైగ చేసేదాన్ని. ఒకరి అనుమానం నలభై మందికి అంటుకుంటుందని నా వాదన. దానికి తోడు నాకు ముక్కు మీద కోపం. మా ప్రిన్సిపాల్ కూడా ఆ అరగంటలో గది వైపు వచ్చేవారు కాదు.

ఆ ఏడు మంజుల అనే అమ్మాయి ఉండేది. వాళ్ల నాన్న వర్తూరులో టైలరు, ఎన్నో తరాల కిందట ఇక్కడ స్థిరపడిన తెలుగువాళ్లు. కెమిస్ట్రీ ఆ పిల్లకు కొరుకుడు పడేది కాదు. అయితే నర్సింగ్‌లో చేరాలంటే కెమిస్ట్రీ పాసై తీరాలి. ఫెయిలైతే జూన్ నుంచి గార్మెంట్స్ ఫ్యాక్టరీలో చేరమని ఇంట్లో ముందే తేల్చి చెప్పారు. అందుకని మొత్తం సిలబస్ వదిలేసి నాలుగు పాఠాలు మాత్రం గట్టిగా పట్టమని నేనే సలహా ఇచ్చాను. అందులో ఒకటి ఎలక్ట్రోకెమిస్ట్రీ. ఫిబ్రవరిలో స్టాఫ్ రూముకు వచ్చి గాల్వానిక్ సెల్ బొమ్మ ఇరవై సార్లు గీసి చూపించింది. జింక్ కడ్డీ కరుగుతుంది, రాగి కడ్డీ మీద రాగి పేరుకుంటుంది, ఎలక్ట్రాన్లు తీగ గుండా జింక్ నుంచి రాగికి పోతాయి. నిద్రలో లేపినా చెప్పేది.

పరీక్ష రోజు ఆ బొమ్మ బోర్డు మీద వేస్తుండగా మంజుల చెయ్యి ఎత్తింది. బస్సుకు పది నిమిషాలే ఉన్నాయి. దించమని సైగ చేసి, తర్వాతి బొమ్మకు పోయాను.

ఫలితాలు వచ్చాక చూస్తే మంజులకు పాస్ మార్కుకు రెండు మార్కులు తక్కువయ్యాయి. మా బోర్డులో అర్జీ పెడితే జవాబు పత్రం స్కాన్ కాపీ ఇస్తారు. దాన్ని లెక్చరర్ చూసి, మార్కులు పెరిగే అవకాశం ఉంటే మళ్లీ దిద్దించమని చెప్తారు. మంజుల, వాళ్ల అమ్మ ఆ కాపీ పట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చారు. "ఈ పాపకు బొమ్మ బాగా వస్తుండె మేడమ్, ఎట్ల పోయిందో చూడండి," అంది అమ్మ.

మూడు మార్కుల ప్రశ్నకు సున్నా వేసి ఉంది. పైన గాల్వానిక్ సెల్ బొమ్మ, తప్పు లేకుండా గీసి ఉంది. దాని మీద మూలనుంచి మూలకు రెండు గీతలు. కింద ఇంకో బొమ్మ. అందులో రాగి కరుగుతోంది, జింక్ పేరుకుంటోంది, బాణాలన్నీ తిరగబడి ఉన్నాయి. కొట్టేసిన జవాబును దిద్దరు, అది నియమం. మళ్లీ దిద్దించినా ఒక్క మార్కు రాదు.

నాకు ఒళ్లు మండింది. సరైనది కొట్టేసి తప్పు రాయడానికి నీకు బుద్ధి ఉందా అని అడిగాను.

మంజుల మెల్లగా చెప్పింది. "మీరు ఆ పొద్దున బోర్డు మీద అట్లే ఏసినారు మేడమ్. నేను చెయ్యి ఎత్తినా. మీరు దించమంటిరి. పరీక్షలో మొదట నాకొచ్చింది ఏసినా. మళ్లీ, మేడమ్ తప్పు ఏస్తారా, నేనే తప్పు నేర్చుకుండానేమో అని కొట్టేసినా."

నమ్మలేదు. నమ్మడం నా వల్ల కాలేదు. వాళ్లు వెళ్లగానే, ఆ ఏడు మంచి మార్కులు వచ్చిన ఒక అమ్మాయికి ఫోన్ చేసి ఆ పొద్దున బోర్డు మీద ఏం వేశానని అడిగాను. "ఉల్టా ఏసినారు మేడమ్. మేం నలుగురం చూసినాం. మీకు కోపం వస్తుందని చెప్పలే. మేం మట్టుకు సరిగ్గానే రాసేస్తిమి," అంది.

ముప్పై ఒక్క ఏళ్లు చెప్పిన పాఠం, పుస్తకం చూడనక్కరలేదని గొప్ప చెప్పుకున్న బొమ్మ. తప్పు వేసినందుకంటే, తప్పని తెలిసి నలుగురు పిల్లలు నాకు చెప్పడానికి భయపడ్డారన్న మాటకే ఎక్కువ అదిరిపోయాను. నాతో చెప్పాలని చూసిన ఒక్క పిల్లే ఫెయిలైంది.

ప్రిన్సిపాల్‌కు చెప్పాను. ఫెయిలైనవాళ్లకు బోర్డు ఎలాగూ రెండో పరీక్ష పెడుతుంది కదా, దీన్ని పెద్దది చేయవద్దని ఆయన అన్నారు. నేను మరునాడే వర్తూరు వెళ్లి, తప్పు నాదని మంజుల నాన్నతో చెప్పాను. ఆయన మిషన్ ఆపి విన్నారు. "పోనీలే మేడమ్, మీరేం కావాలని చేసిండారా?" అన్నారు. ఆ మాట తిట్టుకంటే ఎక్కువగా తగిలింది. రెండో పరీక్ష అయ్యేదాకా పిల్లను ఫ్యాక్టరీకి పంపవద్దని అడిగాను. ఒప్పుకున్నారు.

రెండో పరీక్ష రోజు పొద్దున గదిలో ఫెయిలైన పిల్లలు ఏడుగురు. సుద్దముక్క మంజులకు ఇచ్చి, నేను పుస్తకం తెరుచుకుని వెనక బెంచీలో కూర్చున్నాను. ఒకరు బోర్డు మీద వేయాలి, మిగతావాళ్లు తప్పు పట్టాలి, నేను పుస్తకంతో సరిచూడాలి. మంజుల సెల్ బొమ్మ వేసి నా వైపు తిరిగింది. పుస్తకంలోకి చూసి, సరిగ్గా ఉందని చెప్పాను. ఆ పరీక్షలో పాసైంది, నర్సింగ్‌లో చేరింది.

మిగిలిన ఏడాదిలో ప్రతి పరీక్ష రోజూ రివిజన్ అలాగే జరిపాను. ఆఖరి అరగంటలో పిల్లలకు కొత్తగా వచ్చేది చాలా తక్కువ, వచ్చినదాన్ని పోగొట్టుకునే ప్రమాదమే ఎక్కువ. తప్పు దొర్లని లెక్చరర్ ఉండరు, అందుకే ఆ అరగంటలో ఎవరైనా చెయ్యి ఎత్తితే ఆగి తీరాలి. ఇది నేర్చుకోవడానికి నాకు ముప్పై ఒక్క ఏళ్లు పట్టింది. అన్నేళ్లలో నేను దించమన్న చేతుల్లో ఎన్ని నా తప్పును చూపించడానికి లేచాయో తెలుసుకునే దారి ఇప్పుడు లేదు.