జపాన్ తాత కుట్టిన పేర్ల పుస్తకం

జపాన్ తాత పోయాడు. పోయి నెలన్నర అయిందట. ఆయన కూతురు ఇంగ్లిషులో రాసిన ఉత్తరం నా పాత క్యాంపుకు వెళ్లి, అక్కడెవరో నా కొత్త అడ్రసు రాసి పంపితే నిన్న మధ్యాహ్నం జిజాన్‌లో నా చేతికొచ్చింది. చదివి మడిచి జేబులో పెట్టుకున్నాను. మళ్లీ తీశాను. పనిలో నిలవలేక పోర్టు గోడ వెంట చివరిదాకా నడిచి వెనక్కి వచ్చాను, మళ్లీ వెళ్లాను. ఆయన ఉంటే వేలితో నేల చూపించి "కూర్చో" అనేవాడు. ఇవాళ సెలవు పెట్టి కూర్చున్నాను. అయినా రెండు ముక్కలు రాయడం, లేచి కిటికీ దగ్గరికి పోవడం, ఇదే సరిపోతోంది.

ఆయన గురించి తెలుగులో రాయడానికి నేను కాక ఇంకెవరూ ఉండరు. ఆయనను ఎరిగిన మనవాళ్లు ఓ నలభై మంది. వాళ్లకూ ఆయన పేరు తెలియదు, తాత అనే తెలుసు.

మాది మెట్‌పల్లి దగ్గర పల్లె. గల్ఫ్ యుద్ధానికి ఏడాది ముందు సౌదీలోని జుబైల్‌లో పైపుల షాపులో హెల్పర్‌గా చేరాను. ఆయన అక్కడ వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్. అతుకుల ఎక్స్‌రే ఫిల్ములను దీపం పెట్టె మీద పరిచి, ఏది నిలుస్తుందో ఏది నిలవదో చెప్పేవాడు. నిలవని అతుకు మీద పసుపు సుద్దతో చిన్న సున్నా చుట్టి, "మళ్లీ" అనేవాడు. అంతే, తిట్టు లేదు. మాతో హిందీ, అరబ్బీ కలిపిన క్యాంపు భాష మాట్లాడేవాడు. ఆ మాటలనే ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. అప్పటికి అరవైకి దగ్గర పడ్డాడు. తాత అని పేరు పెట్టింది నా గదిలో ఉండే ఫిట్టర్ గంగన్న.

"గాయిన ఊకె నవ్వడు, ఊకె కోపం చెయ్యడు. మా తాత గిట్లనే ఉండెటోడు," అన్నాడు. ఆ పేరే నిలిచిపోయింది.

ఓసారి డ్రాయింగులు ఇవ్వడానికి ఆయన క్యాబిన్‌కు వెళ్లాను. భోజనం వేళ. ఆయన సన్నని కాగితపు పీలికలను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పేని పురులు చేస్తున్నాడు. నా చేతికి ఒకటిచ్చి చెయ్యమన్నాడు. ఒక్క తిప్పుతో సూదిలాంటి మొనతో పురి వచ్చేసింది. ఆయన నా వేళ్లను పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎక్కడ నేర్చుకున్నావు?"

"బీడీలు, సార్. మా అమ్మ చేస్తుంది, నా భార్య చేస్తుంది. చిన్నప్పుడు నేనూ చుట్టాను."

బీడీ అంటే ఏమిటో చెప్పడానికి పది నిమిషాలు పట్టింది. ఆ రోజు నుంచి భోజనం వేళల్లో ఆయన దగ్గర పుస్తకాలు కుట్టడం నేర్చుకున్నాను. వాళ్ల దేశపు పాత పద్ధతి. పల్చటి కాగితానికి ఒకవైపే రాసి, రాత పైకి ఉండేలా సగానికి మడుస్తారు. మడతలు బయటికి, తెరిచిన అంచులు కుట్టు వైపుకి. అన్నిటినీ అంచు సమంగా దొంతి పెట్టి, ముందు లోపల రెండు చోట్ల కాగితపు పురులు దూర్చి ముడివేస్తారు. ఆ తరువాత అట్ట పెట్టి, నాలుగు రంధ్రాలు పొడిచి దారంతో కుడతారు. మా దగ్గర రంధ్రాలు పొడిచే ఆరె లేదు. వెల్డింగ్ రాడ్డు ముక్కను గ్రైండర్ మీద పట్టి ఆయనే ఒకటి చేశాడు. దారానికి కొవ్వొత్తి రుద్దేవాళ్లం.

నాకు ఓపిక లేదు. కూర్చుంటే మోకాలు దానంతటదే ఊగుతుంది. ఆయన దాని మీద అరచెయ్యి ఆనించి "శ్వయ్య, శ్వయ్య" అనేవాడు, మెల్లగా అని. వాళ్ల నాన్న ఒక చిన్న ఊళ్లో గుడి పుస్తకాలు కుట్టేవాడట. "అక్కడ కూర్చోలేకనే ఇరవై ఏళ్లకు పారిపోయి ఓడలు అతికే పనిలో చేరాను," అన్నాడు ఒకరోజు. "నాన్న పోయాక మళ్లీ సూది పట్టుకున్నాను."

యుద్ధం మొదలైంది. సైరన్ మోగితే పని ఆపి గోడ పక్కకు పరుగెత్తడం, ఆగితే మళ్లీ పనిలోకి రావడం. ఇంటి నుంచి ఆరు వారాలుగా ఉత్తరం లేదు. నా భార్యకు నెలలు నిండాయి. చివరికి కంపెనీ మా నలభై ఒక్క మందిని బస్సులో జిజాన్ పనికి పంపాలని నిశ్చయించింది. తాత బురైదా వరకు మాతో వచ్చి, అక్కడి నుంచి రియాద్ వెళ్లి విమానం ఎక్కాలి. పాస్‌పోర్టులు ఎప్పుడూ కంపెనీ దగ్గరే ఉంటాయి. ఆ దేశంలో ఉండనిచ్చే ఇకామాలు కూడా రెన్యువల్ కోసం ఆఫీసులో ఇరుక్కున్నాయి. అందరికీ కలిపి ఒక్క ప్రయాణం కాగితం ఇచ్చారు.

మొదటి మజిలీలో తాత క్యాంప్ బాస్‌ను అడిగాడు. ఆ క్యాంప్ బాస్ హైదరాబాద్ మనిషి.

"ఈ బస్సుకు ఏమన్నా అయితే, ఇందులో ఎవరున్నారో ఎవరికి తెలుసు?"

"లిస్టు ఆఫీసుల ఉన్నది గద సార్."

"ఆఫీసు ఎక్కడుంది?"

క్యాంప్ బాస్ వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఇసుక తప్ప ఏమీ లేదు.

అలా మొదలైంది ఆ పుస్తకం. మనిషికి ఒక కాగితం. పేరు, తండ్రి పేరు, ఊరు, చేసే పని, ఇకామా నంబరు, రెన్యువల్‌కు తీయించుకోగా మిగిలిన ఫొటో, బొటనవేలి ముద్ర. ఇంగ్లిషులో నేను రాశాను, అరబ్బీలో క్యాంప్ బాస్ రాసి కంపెనీ ముద్ర గుద్దాడు. రెండు ప్రతులు. ఒకటి తాత కుట్టి తన దగ్గర ఉంచుకోవాలి, రెండోది నేను కుట్టి బస్సులో ఉంచాలి. నడుస్తున్న బస్సులో రేకు పెట్టె మీద కాగితాలు మడిచేవాళ్లం. బస్సు ఆగినప్పుడు రంధ్రాలు పొడిచేవాళ్లం.

గంగన్న తన వంతు వచ్చినప్పుడు నా భుజం మీద వంగి నిలబడ్డాడు. "మా అక్క ఊరు గూడ రాయిరా రాజన్నా. మా ఇంటికి తాళమేసి ఉంటే అక్కకన్న తెల్వాలె గద."

బస్సు ప్రతిలో గంగన్న కాగితం దగ్గరకు వచ్చేసరికి కట్ట అయిపోయింది. వేరే ప్యాడ్ నుంచి చింపి రాశాను. అది మిగతావాటి కంటే వేలెడు చిన్నది.

బురైదాలో ఒక ఖర్జూరపు తోట షెడ్డులో దింపారు. ముందుకు పోవడానికి అనుమతి రావాలన్నారు. మర్నాటి సాయంత్రం నా ప్రతి కుట్టడానికి కూర్చున్నాను. అప్పుడే పికప్ వచ్చి హారన్ కొట్టింది. టౌన్‌లో ఫోన్ చేసుకోవడానికి ముగ్గురికే చోటు. నా పేరు పిలిచారు. కాగితాలు దొంతి పెట్టాను, లోపలి పురులు వదిలేశాను, అట్ట పెట్టి గబగబా దారం లాగాను. పైకి అచ్చం ఆయన కుట్టినట్టే ఉంది.

తాత సూట్‌కేసు సర్దుకుంటూ పుస్తకం అందుకున్నాడు. "లోపల కట్టావా?"

"కట్టాను," అన్నాను.

పికప్ వెంట పరుగెత్తి ఎక్కాను. ఆ సాయంత్రం లైను దొరకలేదు.

మర్నాడు పొద్దున తాత వెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నమే గంగన్న రొట్టెలు తేవడానికి రోడ్డు మీదికి వెళ్లి పోలీసులకు దొరికాడు. ఇకామా చూపించమన్నారు, లేదు. క్యాంప్ బాస్ నేను కుట్టిన పుస్తకం పట్టుకుని స్టేషన్‌కు వెళ్లాడు. గంటన్నర తరువాత ఒక్కడే తిరిగొచ్చి పుస్తకం నా ముందు పడేశాడు.

"గంగన్న పేజీ ఏదిరా? నలభై మందే ఉన్నరు ఇండ్ల. ప్రయాణం కాగితంల నలభై ఒక్కటి అని ఉన్నది, పేర్లు లేవు. ఆ ఆఫీసరు లెక్కపెట్టి, గీడు మీ మనిషి కాదు అన్నడు. ఎల్లుండి వేరే జైలుకు పంపుతరంట. అటెన్క ఎక్కడ దేవులాడుతం?"

పేజీలన్నీ తిప్పాను. కాగితం చిరిగిన గుర్తు కూడా లేదు. లోపల పురులు కట్టకపోవడం వల్ల ఆ చిన్న కాగితం కుట్టేటప్పుడే పక్కకు జరిగింది. సూది దానికి తగలనే లేదు. ఎప్పుడు జారిందో, ఏ గాలికి పోయిందో. తోటంతా వెతికాను. చెట్ల పాదుల్లో చూశాను, కాలువ చూశాను. ఖర్జూరపు మట్టలు తప్ప ఏమీ లేవు.

"తాత కాడ ఇంకోటి ఉన్నది సాబ్. నేను రియాద్ పోయి తెస్త."

"నీ కాడ మాత్రం ఇకామా ఉన్నదా? నిన్ను గూడ పట్టుకుంటే ఎవడు ఇడిపిస్తడు?"

"తప్పు నాదే సాబ్. లోపల కట్టలే. కట్టిన అని అబద్ధం చెప్పిన."

ఆయన నన్ను కొట్టినా బాగుండేది.  జేబులోంచి పెన్ను తీసి చీటీ మీద తాత దిగిన గెస్ట్‌హౌస్ అడ్రసు రాసిచ్చాడు.

మర్నాడు తెల్లవారగానే నా ప్రతి సంచిలో పెట్టుకుని ఖర్జూరం లారీ ఎక్కాను. డ్రైవర్ పాకిస్తానీ. నా సంగతంతా విని "బైఠో భాయ్" అన్నాడు. దారిలో రెండు చెక్‌పోస్టులు. మొదటిదాంట్లో సైనికుడు నన్ను వేలితో చూపించి అడిగితే, లోడ్ దింపే మనిషని డ్రైవర్ చెప్పాడు. రెండోచోట లారీని పక్కకు ఆపించారు. ఎంతసేపో తెలియదు. నా మోకాలు డ్యాష్‌బోర్డుకు కొట్టుకుంటోంది. దాన్ని ఆపడానికి రెండు చేతులతో పట్టుకున్నాను. చివరికి చెయ్యి ఊపి పొమ్మన్నారు.

గెస్ట్‌హౌస్ వరండాలో తాత కోటు తొడుక్కుని కూర్చుని ఉన్నాడు. విమానం ఆ సాయంత్రమే. నేను నిలబడే అంతా చెప్పాను, అబద్ధంతో సహా. ఆయన విని ఒక్కటే అడిగాడు.

"గంగన్న తిన్నాడా?"

నాకు తెలియదు. నిన్నటి నుంచి ఆ ఆలోచనే నాకు రాలేదు. పుస్తకం, పేజీ, నా తప్పు, ఇవే తిరుగుతున్నాయి తలలో.

"పుస్తకం ఇవ్వండి సార్, నేను తీసుకుపోతా. మీ విమానం పోతది," అన్నాను.

"ఇది కుట్టి దాచింది ఎవరని అడుగుతారు," అని సూట్‌కేసు అందుకున్నాడు.

అదే లారీలో వెనక్కి బయలుదేరాం. ఊరు దాటాక నా ప్రతి ఇమ్మన్నాడు. జేబులోంచి చిన్న కత్తి తీసి నేను వేసిన దారం తెంపేశాడు. కాగితాలు నా ఒళ్లో దొంతి పెట్టాడు. "మళ్లీ" అన్నాడు. లారీ ఎగిరినప్పుడల్లా కాగితాలు జారేవి, మళ్లీ సర్దేవాణ్ని. నా చూపుడువేలికి రెండుసార్లు సూది దిగింది. పురి రెండో ముడి వేస్తుండగా ఆయన, రోడ్డు వైపే చూస్తూ, "లోపలిది ఎవరికీ కనిపించదు. అందుకే అది ముందు," అన్నాడు. ఆ రోజు నన్ను మందలించినది ఏమైనా ఉంటే ఆ రెండు మాటలే.

స్టేషన్‌లో ఆఫీసరు తాత పుస్తకాన్ని మొదటి నుంచి తిప్పాడు. గంగన్న పేజీ దగ్గర ఆగి, ఫొటో చూశాడు. గంగన్నను పిలిపించి తెల్ల కాగితం మీద బొటనవేలు వేయించి, రెండు ముద్రలూ పక్కపక్కన పెట్టుకున్నాడు. ఆ తరువాత ఆఖరి పేజీ తిప్పి తలెత్తాడు. నేనూ మెడ సాచి చూశాను. అది నలభై రెండో పేజీ. తాత ఫొటో, ఆయన వేలిముద్ర, వాళ్ల నాన్న పేరు, ఊరు, మా అందరి పేజీల్లాగే.

"నువ్వు ఇంజినీరువు. వీళ్లలో నువ్వెందుకున్నావు?" అని ఆఫీసరు అడిగాడు.

"అదే బస్సులో ఉన్నాను," అన్నాడు తాత తన వచ్చీరాని అరబ్బీలో.

ఆఫీసరు టీ తెప్పించాడు. సంతకాలు పెట్టించుకుని గంగన్నను వదిలేశాడు. బయటికొచ్చిన గంగన్న ముందు తాతకు దండం పెట్టి, తరువాత నా మెడ మీద ఒక్కటి వేశాడు.

"ఏందిరా, నన్ను గాలికి ఇడిసినవంట? జర గట్టిగ కుట్టరాదురా!"

అని నవ్వబోయి ఏడ్చాడు. తాత సంచిలోంచి రొట్టె తీసి ఆయన చేతిలో పెట్టాడు. గంగన్న అక్కడే మెట్ల మీద కూర్చుని తిన్నాడు. ఆయన ఆఖరి ముక్క మింగేదాకా తాత కదల్లేదు.

విమానం పోయింది. మరో టికెట్ కోసం ప్రయత్నించకుండా ఆయన మాతోపాటు జిజాన్ వచ్చాడు, యుద్ధం ఆగాక ఇంకో రెండు నెలలు పనిచేసి వెళ్లాడు. నాకు ఆడపిల్ల పుట్టిందని టెలిగ్రాం వచ్చింది ఇక్కడే. ఆ టెలిగ్రాంతో పాటు మా ఇంటి పాత ఉత్తరాలన్నీ కలిపి కుట్టమని ఆయనే కూర్చోబెట్టాడు. ఆ తరువాత నేను మూడు కంపెనీలు మారాను. ఏ క్యాంపుకు పోయినా ఎవరో ఒకరు ఉత్తరాల కట్ట పట్టుకుని వస్తారు, పిల్లల మార్కుల కాగితాలు తెస్తారు. కుట్టి ఇస్తాను. లోపలి పురులు కట్టేటప్పుడు ఇప్పటికీ నా చెయ్యి తొందరపడుతుంది. వదిలెయ్, ఎవరు చూస్తారు అంటుంది. కడతాను.

కూతురి ఉత్తరంలో ఒక ప్రశ్న ఉంది. ఆ విమానం కోసం ఆమె, వాళ్లమ్మ రెండు రోజులు ఎయిర్‌పోర్టులో చూశారట. కడుపునొప్పి వచ్చి ఎక్కలేకపోయానని ఆయన ఫోన్‌లో చెప్పాడట. వాళ్లమ్మ నమ్మలేదు. మమ్మల్ని అంత భయపెట్టి అక్కడే ఉండిపోయావని చాలాకాలం ఆయనతో సరిగా మాట్లాడలేదు. ఆ తల్లి ఇప్పుడు లేదు. "మా నాన్నకు జన్మలో కడుపునొప్పి రాలేదు. ఆ రోజు ఏం జరిగిందో మీకు తెలుసా?" అని రాసింది.

తెలుసు. నేను చెప్పిన ఒక్క అబద్ధాన్ని ఆయన తన ఇంట్లో ఇంకో అబద్ధంతో కప్పాడని మాత్రం నిన్నటిదాకా తెలియదు. ఆమెకు రాయాల్సిన జవాబు పొద్దుటి నుంచి నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. ఐదోసారి మొదలుపెడతాను.

జిజాన్ వదిలే ముందు శుక్రవారం ఆయన మాతో సముద్రానికి వచ్చాడు. ఇక్కడ ఒడ్డు చాలా దూరం లోతుండదు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, చెప్పులు చేతిలో పట్టుకుని నీళ్లలోకి నడిచాడు. మేం ఒడ్డున మామిడిపళ్లు తింటున్నాం. ఎంత దూరం పోయినా నీళ్లు ఆయన పిక్కలు దాటలేదు. గంగన్న లేచి "తాతా, ఇగ సాలు, రా!" అని అరిచాడు. వినబడిందో లేదో. ఎండలో నీళ్లు మెరిసిపోతుంటే, ఆ సన్నని ఆకారం అటే పోతోందో, మా వైపు తిరిగి వస్తోందో, నేను కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాను.