గంజి పెట్టిన జాగ

నా చిన్నప్పుడు, మరాఠీ ఊళ్ళో తెలుగు నేతవాళ్ళుండే దాజీ పేట్‌లోని మా ఇల్లు నిశ్శబ్దంగా ఉందంటే కరెంటు పోయిందని అర్థం. ముందు గదిలో నాలుగు పవర్‌లూమ్ మగ్గాలు, వెనక గదిలో మేము. గోడకు అవతల పక్కింటి అక్క వాళ్ళవి రెండు మగ్గాలు. ఆ చప్పుడులో మాట్లాడాలంటే అరవాలి. అరవడం నాకు చేతకాదు. అందుకే బడి నుంచి రాగానే అక్క వాళ్ళ వెనక గడపలో కూర్చునేదాన్ని. ఆమె చాటలో ఆకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతుంటే, దొరికిన పుస్తకమల్లా చదివి వినిపించేదాన్ని.

"చప్పుడు లేని తాన ఒక్క అర్ర కట్టుకోవాలె పిల్లా," అనేది అక్క. "అప్పుడు నువ్వు చదివేది సగం గాదు, మొత్తం ఇనొస్తది."

ఆ ఏడు మేము నేసే చాదర్ దుప్పట్లకు గిరాకీ పడిపోయింది. మా పేటలో మగ్గాలు అమ్మి ప్లాట్లు కొనే గాలి మొదలైంది. మా నాన్న కూడా రెండు మగ్గాలు పాత ఇనుము కింద అమ్మేసి, హోట్గి రోడ్ నుంచి చాలా లోపలికి ఉన్న ఒక ప్లాటుకు టోకెన్ డబ్బులు ఇచ్చి వచ్చాడు. ఇల్లు కట్టడానికి కాదు, నాలుగేళ్ళు ఉంచి ధర పెరిగాక అమ్మడానికి. ఏజెంటు తెలుగువాడు, మా పూర్వీకుల జిల్లా నుంచి వచ్చిన కుటుంబమే. "మనోడు మనల్ని ముంచుతడా?" అనే మాట ఒక్కటే నాన్న చూసుకున్న కాగితం.

మగ్గాలకు సెలవు వచ్చిన రోజున తాతయ్య జాగ చూస్తానని బయలుదేరాడు, నన్నూ వెంట రమ్మన్నాడు. నాన్నతో కలిసి ముగ్గురం ఆటోలో వెళ్ళాం. అక్కడ ఎర్ర మొరం పరిచి నేలంతా చదును చేశారు. సున్నం గీతలు, నంబరు రాళ్ళు, కర్రలకు రంగు జెండాలు. ఏజెంటు ఎదురొచ్చాడు. "చూడు కాకా, ఎంత సాపుగున్నదో! రేపు ఇంకో పార్టీ వస్తున్నది. అన్న టోకెన్ ఇచ్చిండు గాబట్టి ఆపిన."

తాతయ్య వంగి చేతికర్రతో నేలను గీకాడు. బెత్తెడు మొరం కింద నల్ల బురదమట్టి కనబడింది.

"దీనికి గంజి మస్తు పెట్టిండ్రురా," అన్నాడు నాన్నతో.

బజారులో నాసి తువ్వాళ్ళకు గంజి దట్టంగా పట్టిస్తారు. చేతికి బిరుసుగా, బరువుగా తగిలి మంచి సరుకనిపిస్తుంది. ఒక్క ఉతుకుతో పీలికవుతుంది. నేతపని తెలిసినవాడు కొస తడిపి వేళ్ళ మధ్య నలిపి చూసిగానీ కొనడు.

నాన్నకు చిరాకేసింది. "జాగను గూడ తడిపి పిండుతవా ఏంది బాపూ?" అన్నాడు. ఏజెంటు పెద్దగా నవ్వాడు.

"పిండుదం తియ్యి. నాకు దూప అయితున్నది," అన్నాడు తాతయ్య. ఏజెంటు నీళ్ళ బాటిల్ తీయబోతే, అవి తనకు పడవని నన్ను పక్కకు పిలిచి చెవిలో చెప్పాడు. "ఆ కనబడే మూడిండ్లల్ల నీళ్ళు అడుగు బిడ్డా. ఎవ్వలు ఉత్తగ నీళ్ళియ్యరు, ఒక్క మాటన్న అంటరు. ఆ మాట పట్టుకరా."

కొత్తవాళ్ళ తలుపు కొట్టడమంటే నాకు ప్రాణం పోయేది. అయినా వెళ్ళాను. మొదటి ఇంట్లో అర గ్లాసే ఇచ్చారు, ట్యాంకరు వచ్చి వారం దాటిందట. రెండో ఇంటి ముసలమ్మ, వానలు పడితే ఆ ప్లాట్లలో నాలా నీళ్ళు నిలుస్తాయని, ఎండాకాలంలో లారీలతో మొరం పోశారని మరాఠీలో చెప్పింది. మూడో ఇంటావిడ ఏ నంబరని అడిగింది. చెప్పగానే లోపలికి తిరిగి, "అదే ప్లాటుకు ఇంకొకళ్ళు వచ్చారు," అని భర్తకు చెప్పింది. అంతకుముందు రెండు కుటుంబాలు ఆ రాయి దగ్గరే కాగితాలు పట్టుకుని కొట్టుకున్నాయట. నా తల నిమిరి గ్లాసు నిండా నీళ్ళు పోసింది.

ఆ మూడు మాటలూ తాతయ్య చెవిలో చెప్పాను. ఆయన నీళ్ళన్నీ తాగి, పోదాం పదమన్నాడు.

ఆటోలో తాతయ్య అవన్నీ నాన్నకు చెప్పాడు. ఇంటికొచ్చాక నాన్న తలుపు వేశాడు. "టోకెన్ వాపసు చేతికొచ్చేదాక ఎవ్వలు నోరు తెరవద్దు. వాని సరుకు చెడగొడితే వాడు పైసలిస్తడా?" నేను తాతయ్య వైపు చూశాను. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని అటు తిరిగి పడుకున్నాడు.

పదిహేను రోజులకు టోకెన్ తిరిగొచ్చింది. ఇంకో పార్టీ దొరికింది కాబట్టి ఇస్తున్నానన్నాడట ఏజెంటు. ఆ సాయంత్రమే అక్క మిఠాయి పేడాల డబ్బాతో మా ఇంటికి వచ్చింది. ఒక మగ్గం, మెడలో గొలుసు, బీడీల మీద కూడబెట్టినదీ అన్నీ పెట్టి ప్లాటు కొన్నారట. నంబరు చెప్పింది. అదే నంబరు.

"ఇగ చూడు పిల్లా, నీ పుస్తకం మొత్తం ఇనొస్తది," అంటూ పేడా నా నోట్లో పెట్టింది.

నాన్న నేల చూపులు చూశాడు. తాతయ్య తన పేడాను చేతిలోనే ఉంచుకున్నాడు. నేను మాత్రం తిన్నాను.

వానల్లో ఆ జాగ చెరువైంది. దసరా నాటికి వేరెవరో తమ కాగితాలతో వచ్చి గోడ కట్టేశారు. అక్క వాళ్ళ రెండో మగ్గం వకీలు ఖర్చులకు పోయింది. వాళ్ళాయన పరాయివాళ్ళ మగ్గం మీద కూలికి కుదిరాడు. అప్పటికి అక్కకు ఎవరో చెప్పారు. ఒకరోజు నేను పుస్తకంతో గడపలో కూర్చోగానే, ఆకు కత్తిరిస్తూ అడిగింది.

"మాకంటే ముందుగాల మీరే చూసిండ్రంట గద ఆ జాగ. నువ్వు గూడ పోయినవా?"

తల ఊపాను. ఆమె తిట్టలేదు. వేళ్ళు మాత్రం ఆగాయి. "చదువుతవు గద ఇంత గట్టిగ. ఆ ఒక్క మాట రాలేదా?" అంది. తర్వాత నన్నెప్పుడూ చదవమనలేదు. మరుసటి ఏడు వాళ్ళు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఎక్కడికో నాకు తెలియదు.

ఇప్పుడు మా పేటలో ప్లాటు కొనేవాళ్ళు కొందరు నన్ను వెంట రమ్మంటారు, మరాఠీ కాగితాలు చదువుతానని. భూమి ఎవరి పేరున ఉందో చెప్పే ఉతారా, ఏజెంటు ఇచ్చిన జిరాక్సు కాకుండా మనమే ఆఫీసుకెళ్ళి తీసుకోవాలని చెబుతాను. వానల్లో ఒకసారి, ఎండల్లో ఒకసారి చూడమంటాను. ఖాళీ గ్లాసు పట్టుకుని మూడిళ్ళ తలుపు కొడతాను. ఇవన్నీ తాతయ్య నేర్పినవి. వచ్చాక, విన్నది కొళాయి దగ్గర అందరి ముందూ చెప్పేస్తాను. అది ఆయన నేర్పలేదు. వినబడలేదంటే మళ్ళీ అరిచి చెబుతాను.

ఎవరైనా జాగ కొన్నామని పేడాల డబ్బా చాపితే ముందు అడుగుతాను, ఆ చుట్టుపక్కల ఎవరింట్లోనైనా నీళ్ళు తాగారా అని. మంచి కబురు తెచ్చినవాళ్ళ ముఖాలు మాడిపోతాయి. జవాబు వచ్చేదాకా నా చేతులు వెనకే ఉంటాయి.