నెమ్మదిగా నడిచేవాడే ముందు

జీపు కొండ కిందే ఆగిపోయింది. అక్కణ్ణుంచి కాలిబాటే. ఎండాకాలం చివరి రోజులు. తలకు తువ్వాలు, చేతిలో వెదురు కర్ర, వీపున సంచి. సంచిలో దుప్పటి, టార్చి, మెస్ టిన్ను, రెండు జతల బట్టలు. పైన శేషాచలం అడవిలో ఎర్రచందనం కాపలాకు మాజీ సైనికులతో ఒక క్యాంపు పెట్టారు. అందులో చేరడానికి పోతున్నాను. నాకప్పుడు యాభై మూడు.

కశ్మీరు మంచులో పోస్టు కాసినవాణ్ణి, మా చంద్రగిరి పక్క కొండలు నాకొక లెక్కా అనుకున్నాను. సగం ఎక్కేసరికి కుడి మోకాలు కటకటమంది. తర్వాత ఎడమది అందుకుంది. నాతోపాటు జీపు దిగిన మిగతావాళ్లు ఎప్పుడో పైకి చేరి టీ తాగేశారు. నేను చెమటలు కక్కుతూ చేరేసరికి గిన్నెలు కడిగేస్తున్నారు.

క్యాంపు అంటే బండల మధ్య రేకుల షెడ్డు, నీళ్ల డ్రమ్ములు, ఒక వైర్‌లెస్ సెట్టు. పెద్ద దిక్కు సుబేదారు సాబ్. కార్వేటినగరం మనిషి, మా అందరిలోకీ పెద్దవాడు. మీసం కత్తిరింపులో వెంట్రుకవాసి కూడా తేడా రాదు. నన్ను కిందినుంచి పైదాకా చూశాడు.

"ఏమప్పా హవల్దారూ, మోకాళ్లా?"

"లేదు సాబ్. బూటు కరిచింది."

"సరే. రేపట్నించి గస్తీలో నువ్వే ముందు నడువు."

ఆ మాటకు నా చెవులు వేడెక్కాయి. వెనకబడ్డవాణ్ణి అందరి ముందూ నిలబెట్టి నవ్వులపాలు చేయాలని చూస్తున్నాడనుకున్నాను. దానికితోడు అటవీ శాఖ రేంజరు గారి ఉత్తరువు ఒకటుంది. వానలు పోయాక ఆయన వస్తాడు. నీళ్లు, రేషను, సెట్టు మోసుకుని మమ్మల్ని పై గట్టుదాకా నడిపిస్తాడు. ఎక్కలేనివాణ్ణి ఇంటికి పంపిస్తాడు.

ఇంటికి పోవడమంటే నాకు భయం. ఫౌజు వదిలాక తిరుపతిలో ఒక బ్యాంకు వాకిట్లో తుపాకీ పట్టుకుని ఏళ్లతరబడి స్టూలు మీద కూర్చున్నాను. ఆ స్టూలే నన్ను ముసలివాణ్ణి చేసింది. పొట్ట పెరిగింది, కాళ్లు సన్నబడ్డాయి. నేలమీద కూర్చుని భోంచేస్తే గుంజ పట్టుకోందే లేవలేకపోయేవాణ్ణి. మా ఇంటామె చూసి, "యాభై దాటినాక ఇంతేలే, కుర్చీ ఏస్తా కూసో" అనేది. ప్రేమతోనే అనేది. నాకు మాత్రం ఆ కుర్చీని చూస్తే ఒళ్లు మండేది. మళ్లీ ఎవరికైనా పనికొచ్చే మనిషిని కావాలని ఈ కొండెక్కాను.

మర్నాటినుంచి కసిగా నడిచాను. వెనకవాళ్లను రొప్పించాలని పంతం. మధ్యాహ్నానికి మోకాళ్లు వాచేవి. దానికి నా దగ్గర మందుంది. మిలిటరీ క్యాంటీనులో, మందుల షాపులో బలానికని ఏది దొరికితే అది కొనుక్కొచ్చాను. ఐరన్ బిళ్లలు, కాల్షియం బిళ్లలు, విటమిన్లు, ఒక టానిక్కు. ఫౌజులో కష్టమైన మార్చ్ ఉంటే రేషను పెంచుతారు కదా, ఆ లెక్కన అన్నీ రెండేసి. పొద్దున్నే ఖాళీ కడుపులో, వేడి టీతో, ఒకే గుక్కలో.

వారం తిరక్కుండానే గస్తీ మధ్యలో కడుపు పట్టుకుని కూలబడ్డాను. తిన్నదంతా బయటికొచ్చింది. మాలో మందులాయన ఒకడున్నాడు. పుత్తూరువాడు, ఆర్మీ ఆసుపత్రుల్లో నర్సింగ్ అసిస్టెంటుగా చేసి వచ్చాడు. నా సంచి విప్పి ఆ డబ్బాలన్నీ బండమీద వరసగా పెట్టాడు.

"ఇదేందబ్బా, అంగడి పెట్టేదానికి వచ్చినావా ఈడికి?"

"బలానికప్పా."

"ఐరన్ టీతో ఏసుకుంటే ఒంటికి పట్టదు. కాల్షియం కలిపితే అది ఇంకా అడ్డం. ఇవన్నీ నీకు కావల్లని ఎవరు చెప్పినారు?"

"ఎవరూ చెప్పలే."

"మోకాళ్ల నొప్పి ఎన్నాళ్లనుంచి ఉండాది?"

అబద్ధం చెప్పే ఓపిక లేకపోయింది. చెప్పేశాను. మా ఫౌజోళ్లకు ఇదొక జబ్బు. నొప్పుందని చెప్పుకుంటే పని ఎగ్గొట్టేవాడి కింద జమకడతారని లోపలే దాచుకుంటాం. ఆయన డబ్బాలన్నీ తన పెట్టెలో పెట్టి తాళం వేశాడు. సెలవు దొరకగానే తిరుపతిలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు.

రక్త పరీక్షలో ఐరన్ నిక్షేపంగా ఉంది. డి విటమిను అడుగంటింది, బి పన్నెండు తక్కువుంది, షుగరు గడప దగ్గరికొచ్చి నిలబడింది. మోకాళ్లు కొంత అరిగాయి గానీ, తొడల్లో కండ కరిగిపోవడమే అసలు సంగతన్నాడు డాక్టరు. బి పన్నెండుకు బిళ్లలు, డి విటమినుకు పొడి పొట్లాలు రాశాడు. "ఈ పొట్లం వారానికి ఒకటే, పాలతో. రోజూ కాదు. ఎక్కువైతే ప్రమాదం" అని గట్టిగా చెప్పాడు. మందులాయన అందుకున్నాడు. "అవి నా పెట్టెలో ఉంటాయి సార్. ఈయన చేతికియ్యను."

క్యాంపుకు తిరిగొచ్చాక సుబేదారు సాబ్ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"నిన్ను ముందు ఎందుకేసినానో తెల్సా? నెమ్మదిగా నడిచేటోడు ముందుంటే ఎనక ఎవుడూ తప్పిపోడు. నువ్వు నడిచేదే మా అందరి నడక. పరిగెత్తమని ఎవురు చెప్పినారు నీకు?"

అవమానమని నేను మోసిన బరువు బరువే కాదని తెలిసి గుండె తేలికపడింది.

ఆ రోజునుంచి నాకు కొత్త డ్రిల్లు. పొద్దున్నే మందులాయన ముందర బండమీద కూర్చోవడం, చేతులు ఆనించకుండా లేవడం. మొదట్లో మూడోసారికే తొడలు వణికేవి. కాలు చాపి పైకెత్తి నిలపడం. తర్వాత ఎండలో కాసేపు నడక. తిండి కూడా మారింది. తెల్లన్నం తగ్గించి రాగిసంగటి చిన్న ముద్ద, ఉలవల చారు, మునగాకు, గుడ్డు. టీలో చక్కెర బంద్. మా వంటాయన ఫౌజు వంటశాలలో, అదే లంగరులో, పూరీలు కాల్చి కాల్చి వచ్చినవాడు.

"నా చేతి పూరీకి కర్నల్ సాబులు కాసుకోని ఉండేవాళ్లబ్బా. ఇప్పుడు సూడు, నీకోసం మునగాకు దూస్తా ఉండా" అని రోజూ సణిగేవాడు. సణుగుతూనే ఇంకో గరిటె వేసేవాడు.

అంతా సాఫీగా సాగిందని చెప్పను. వానల్లో బండమీద జారి కొన్నాళ్లు మంచమెక్కాను. పెంచుకున్న బలమంతా పోయిందని దిగులుపడ్డాను. మందులాయన మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టించాడు. ఈసారి త్వరగానే కోలుకున్నాను. ఒక రోజు గొంతుక్కూర్చుని బూటు తాడు కట్టుకుని లేచి నాలుగడుగులు వేశాను. అప్పుడు తట్టింది, ఏదీ పట్టుకోకుండా లేచానని. చెట్టు చాటుకు పోయి కళ్లు తుడుచుకున్నాను.

చలి మొదలయ్యాక రేంజరు గారు వచ్చారు. తెల్లారగానే బయలుదేరాం. మంచు పట్టిన గడ్డి, జారే రాళ్లు. వీపున నీళ్ల క్యాను. నేను ముందు, నా వెనక సెట్టు మోస్తూ సిగ్నల్ పనివాడు, వాడి వెనక రేంజరు గారు, ఆ తర్వాత మందులాయన, వంటాయన. చిట్టచివర చేతిసెట్టుతో సుబేదారు సాబ్. నిటారుగా ఉన్న చోటికి వచ్చేసరికి రేంజరు గారికి విసుగొచ్చింది.

"ఇంత నెమ్మదిగా పోతే ఎప్పుడు చేరతామయ్యా?"

నా కాలు తనంతట తాను వేగం అందుకోబోయింది. పాత పంతం లేచింది. ఆ క్షణంలో సెట్టు గరగరమంది, చివరినుంచి సుబేదారు సాబ్ గొంతు.

"ముందుకి, ఇది ఎనక. అదే నడక. ఓవర్."

సిగ్నల్ పనివాడు నా మొహం చూశాడు. నేను తలూపాను. వాడు సెట్టులో జవాబిచ్చాడు.

"ఎనక్కి, ఇది ముందు. అదే నడక. ఓవర్."

అలాగే నడిచాం. ఊపిరి అందినంత, మోకాలు ఒప్పుకున్నంత. గట్టు మీదికి చేరి వెనక్కి తిరిగి చూస్తే ఆరుగురమూ ఉన్నాం. ఒక్కడూ మధ్యలో కూర్చోలేదు. ముందుగా కూర్చుంది రేంజరు గారే. నీళ్లు తాగి, "అందరూ క్యాంపులోనే ఉండండి" అన్నారు. అంతే. మా వంటాయన ఆ బండలమీదే రెండు చిందులేశాడు.

రేంజరు గారు అటు తిరిగి కొండలు చూస్తున్నప్పుడు సుబేదారు సాబ్ నా పక్కన కూలబడ్డాడు. ప్యాంటు మోకాలిదాకా మడిచాడు. రెండు మోకాళ్లకూ సాగే పట్టీలు. పాతబడి రంగు వెలిసి, ఒక దానికి అంచు ఊడితే నల్లదారంతో కుట్టుకున్నాడు.

"నీ ఒక్కడి కోసమే అనుకుంటివా అప్పా నిన్ను ముందేసింది?" అన్నాడు చిన్నగా. "నువ్వు పరిగెత్తిన ఆ వారం నేను ఎట్ల వచ్చినానో నాకే తెల్సు."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ మనిషి మీద నాకెంత ప్రేమ పుట్టిందో చెప్పలేను.

ఆ తర్వాత కొన్నేళ్లకు కాపలా పని ముగించి ఇంటికొచ్చాను. కుర్చీ వాకిట్లోనే వేసి ఉంది. నా సంచి దానిమీద పెట్టాను. ఇప్పటికీ మోకాళ్లు శబ్దం చేస్తాయి. షుగరు మాత్రం గడప దాటలేదు. మా ఇంటామెకు ఈమధ్య కాళ్లు నొప్పి. నాలాగే దాచుకుంటుంది. నెలకోసారి శ్రీవారి మెట్టు దారిలో ఎక్కగలిగినంత ఎక్కి వస్తాం. మొదటి రోజు ఆమె నా వెనక నిలబడింది.

"నువ్వు ముందు నడువు" అన్నాను.

"నేను నిదానంగా పోతాను, నీకు విసుగొస్తాది."

"అందుకే ముందు నడవమంటా ఉండేది."

ఆమె చీర కుచ్చెళ్లు పట్టుకుని మెట్టెక్కుతుంటే వెనకనుంచి చూస్తూ నడుస్తాను. ప్రతిసారీ నా కళ్లముందుకు వచ్చేది ఒక్కటే. మడిచిన ఖాకీ ప్యాంటు, దానికింద నల్లదారంతో కుట్టిన ఆ మోకాలి పట్టీ.