మేనత్త, టంగ్‌స్టన్ బిళ్ల

గత సోమవారం తెల్లవారుజామున మా మేనత్త కన్నుమూసింది. ముందురోజు మధ్యాహ్నం చేపల పులుసులో పులుపు చాలలేదని మా అమ్మతో పేచీ పెట్టుకున్న మనిషి, నిద్రలోనే వెళ్లిపోయింది. పెళ్లి చేసుకోలేదు. ఉద్యోగం ముగిశాక అల్లూరులో మా ఇంట్లోనే ఉండేది.

రాడార్ గొట్టాల్లో పెట్టే కాథోడ్లు తయారుచేయడం ఆమె పని. అదేమిటని ఎవరడిగినా విసుక్కోకుండా చెప్పేది. సన్నని రంధ్రాలున్న టంగ్‌స్టన్ బిళ్ల, ఆ రంధ్రాల నిండా బేరియం మందు. బిళ్ల ఎర్రగా కాలితే బేరియం పైకి ఊరి పలుచగా పరుచుకుంటుంది. అప్పుడు ఎలక్ట్రాన్లు తేలిగ్గా బయటికొస్తాయి. "చెమట పట్టినట్టే అబ్బయా. పట్టేదాకా ఆగాల, అంతే" అనేది.

ఆగడం ఆమెకు తెలిసినంతగా మా ఇంట్లో ఇంకెవరికీ తెలియదు. ఇడ్లీ పాత్ర మూత ముందే తీస్తే చేతి మీద ఒక్కటేసేది. "నిదానమే ప్రధానం అంటారే గానీ, విస్తరి ముందు కూర్చున్నాక ఎవుడాగతాడు?" అని నవ్వేది.

నేనూ ఇద్దరు మిత్రులూ ఈ బిళ్లలే చేయడానికి ఊరి చివర చిన్న ల్యాబ్ పెట్టింది ఆమె ఇచ్చిన ధైర్యంతోనే. నిరుడు మేం చేసిన బిళ్లలు వరసగా చచ్చాయి. వేడెక్కేవి, కాసేపటికే వాటినుంచి వచ్చే కరెంటు పడిపోయేది. ఇంకొక్కటి పోతే ల్యాబ్‌కు తాళం వేయడమే అనుకున్నాం. మేనత్త వచ్చి గాలి తోడే పంపులు చూసింది, కొలిమి చూసింది. చివరికి బిళ్లలు పట్టుకునేటప్పుడు మేం వేసుకునే నూలు తొడుగు ఒకటి తీసి నాలుకకు తాకించింది.

"వీటిని ఏడ ఆరేసినారు?"

"మిద్దె మీదత్తా. మంచినీళ్లతోనే ఉతికినాం."

"నీళ్లు మంచివే. గాలో? సముద్రపు గాలికి కిటికీ చువ్వలే తుప్పు పట్టిపోతా ఉంటే, ఉప్పు తగిలి బేరియం బతకతాదా?"

వడియాలు ఎండబెట్టినట్టు తొడుగులు ఎండబెట్టిన మా తెలివికి చాలాసేపు నవ్వింది. తర్వాత కొత్త తొడుగులు తెప్పించి, మాతోపాటు కూర్చుంది. నేను గబగబా వేడి పెంచబోతే చెయ్యి పట్టుకుంది. "వేడి చెయ్యడం కాదురా, వేడెక్కనీ."

ఆ బిళ్ల నిలబడింది, దాంతో ల్యాబూ నిలబడింది. ఆమె లేకపోతే ఈపాటికి నేను రొయ్యల గుంటల దగ్గర మోటార్లు బాగుచేస్తూ ఉండేవాణ్ణి. ఆ బిళ్ల ఆయుష్షు ఎంతో చూద్దామని అప్పట్నుంచీ గాలి తీసేసిన గాజు గొట్టంలో పెట్టి ఆపకుండా కాలుస్తున్నాం. వారం వారం వచ్చి గాజులోంచి చూసి, ఏమీ అనకుండా వెళ్లేది. ఆమె ఏమీ అనలేదంటే మెచ్చుకున్నట్టే.

మైల కాబట్టి ఇప్పుడు ఇంట్లో దేవుడి దగ్గర దీపం పెట్టడం లేదు. మొన్న ల్యాబ్ నుంచి మిత్రుడు ఫోన్ చేశాడు. "అన్నా, మీకు మైల గదా. అత్త బిళ్లను కూడా ఆర్పమంటావా?"

వద్దన్నాను. ఆ సాయంత్రం ఉండబట్టలేక వెళ్లాను. గది చీకటిగా ఉంది. గాజు వెనక బిళ్ల నారింజ రంగులో, ఎక్కడా వణక్కుండా కాలుతోంది.