కొత్త పలక

అరవైల చివర్లో మా నాన్న నాగావళి రేవులో పడవ నడిపేవాడు. ఒక ఏడాది వానలకు ముందు పడవ అడుగున మూడు పలకలు పుచ్చిపోయాయి. నాన్న ఒక్కో పలకా మార్చి, సందుల్లో కొబ్బరిపీచు కూరి, గుగ్గిలం పూసి, ప్రతిసారీ పడవను తక్కువ లోతు నీళ్లలోకి దించి చూసేవాడు.

"మూడూ ఏసేసి ఒక్కపాలే సూడొచ్చు కదేటి?" అని అమ్మ విసుక్కునేది.

"అలగైతే నీరు ఏ పలక కాడ వస్తన్నాదో ఎలా తెలుస్తాదే?" అనేవాడు.

మూడో పలక బిగించిన మధ్యాహ్నం అవతలి ఒడ్డు నుంచి కేకలు వినిపించాయి. మా మేనత్త కోడలికి ముందురోజు నుంచి నొప్పులు. మంత్రసాని చేతులెత్తేసింది. శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఏటికి అప్పటికే కొత్తనీరు వచ్చేసింది.

"ఇంకా నీట దింపి సూడనేదు" అన్నాడు నాన్న.

"నువ్వు సూసేలోపు ఆ పిల్ల పోతాది" అంది అమ్మ.

నాన్న ఖాళీ పడవతోనే ఏరు దాటాడు. చుక్క నీరు రాలేదు. అవతల కోడలిని చాప మీద పడుకోబెట్టి, అత్తా బావా ఎక్కారు. నడి ఏట్లో, ఆ బరువుకు, అడుగున నీరు ఊరడం మొదలైంది. కొత్త పలక గట్టిగానే ఉంది. దానికి మేకులు కొట్టిన దెబ్బలకు పక్కనున్న పాత పలక కదిలింది.

బావ దోసిళ్లతో తోడాడు, అత్త చెంబుతో తోడింది. నాన్న గడ వేయడం ఆపలేదు. మా ఒడ్డు దగ్గర, నడుములోతు నీళ్లలో పడవ మునిగింది. అమ్మా నేనూ ఏట్లోకి పరుగెత్తాం. తడిసి ముద్దయిన అత్త కోడలిని బండిలో వేసి పంపించాం.

ఆమె బతికింది. బిడ్డ దక్కలేదు. పడవ ఎక్కకముందే కడుపులో పోయిందని డాక్టరమ్మ చెప్పిందట. నాన్న నమ్మలేదు.

బావ మా ఇంటికొచ్చి నాన్న చేతులు పట్టుకున్నాడు. "నువ్వు రాకపోతే ఇద్దరూ పోదురు మావా. నీ తప్పేటి నేదు."

"మీరు ఎక్కినాక ఒడ్డు కాడే ఓపాలి ఆగి సూసుంటే..." అని నాన్న తలదించుకున్నాడు.

పడవ బాగుచేసి వేరే వాళ్లకు అప్పగించాడు. తర్వాత పొలం పనులకే వెళ్లాడు. దారిలో నాన్న ఎదురైతే అత్త కోడలు కొంగు సర్దుకుని పక్కకు తప్పుకునేది. కోపం కాదు. ఏం మాట్లాడుకోవాలో ఇద్దరికీ తెలిసేది కాదు.