బాపు పిడికిలి కొలత

పక్షవాతం వచ్చాక మా బాపు పాదాలు ఎప్పుడు తాకినా చల్లగా ఉండేవి. సాక్సులు కొందామని పత్తర్‌గట్టికి వెళ్లి, సైజు అడిగితే నీళ్లు నమిలాను. దబీర్‌పురాలో రబ్బరు చెప్పులతో బర్రెల వెనక తిరిగిన మనిషి సాక్సుల సైజు ఎవరికి తెలుసు?

దుకాణంలోని ముసలి చాచా ఒక సాక్సు తీశాడు. "కాలెందుకమ్మా, ముట్ఠీ చాలు" అన్నాడు. మూసిన పిడికిలి చుట్టూ సాక్సు అడుగుభాగం చుడితే దాని మడమా వేళ్ల కొసా కలవాలి. కలిస్తే కాలికి సరిపోయినట్టే. నేను వెంటనే పిడికిలి బిగించి చూపించాను.

"మీది గాదు, మీ బాపుది గావాలె. తీస్కపోయి చూడుండ్రి. గాకుంటె మార్చిస్త, ఫికర్ చెయ్యకుండ్రి" అని నవ్వాడు.

దారి పొడవునా బాపు పిడికిలే మనసులో మెదిలింది. బర్రె పొదుగు కింద మూస్తూ తెరుస్తూ బకెట్టు నింపింది అదే. ఏ చేతిలో బెల్లం ముక్క ఉందో చెప్పమని నన్ను ఏడిపించిందీ అదే. కోపం వస్తే గోడకు తగిలేది గానీ మాకెన్నడూ తగల్లేదు. అందుకు నాకు ఇప్పటికీ గర్వం. ఇప్పుడా కుడిచేయి ఒళ్లో ఊరికే పడి ఉంటోంది. పిసకమని డాక్టరు రబ్బరు బంతి ఇస్తే, "నేనేమన్న చిన్న పోరన్నా?" అని ఎడమచేత్తో మంచం కిందికి విసిరేశాడు.

ఇంటికొచ్చి సంగతి చెప్పి, ఎడమచేయి చాపమన్నాను. మొండిమనిషి కదా, ఎడమది వెనక్కి తీసుకుని కుడిది ముందుకు నెట్టాడు. వేళ్లు వణుకుతూ ముడుచుకోబోయి సగంలో ఆగిపోయాయి. బొటనవేలు అసలు కదల్లేదు. నాకు ఏడుపొచ్చింది. అది కనబడకుండా తల వంచుకుని సాక్సు చుట్టాను. కొసలు కలవలేదు, మధ్యలో చాలా ఖాళీ మిగిలింది.

"చిన్నగైంది బాపూ. రేపు పోయి పెద్దది తెస్త" అన్నాను.

బాపు ఆ ఖాళీ వంకే చూశాడు. తర్వాత ముద్దముద్దగా, ఒక్కో మాటా కూడగట్టుకుని అన్నాడు.

"సాక్సు గిదే ఉండనియ్యి బిడ్డా. పిడికిలే ఇంక చిన్నగ జేస్త. ఆ బంతి యాడ వడ్డదో చూడు."